డాక్టరు చదువా? పరిశోధనా? రెండూనా?



పిల్లలు పదో తరగతి దాటారంటే చాలు, మన ఇళ్ళల్లో వినిపించే మాటలు రెండే. ఒకరు ఇంజనీరు కావాలి, ఒకరు డాక్టరు కావాలి. డాక్టరంటే మనకు కనిపించేది మెడలో స్టెతస్కోపూ, చేతిలో మందుల చీటీనూ. ఆ చీటీ మీద రాసిన మందు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని మొట్టమొదట ఎవరు కనిపెట్టారు, మనిషికి ఇవ్వవచ్చునని ఎవరు తేల్చారు అన్న ఆలోచన మనకు రాదు. వచ్చినా, అదెవరో శాస్త్రజ్ఞుల పని అనుకుని వూరుకుంటాం. పొద్దున రోగుల్ని చూసి, మధ్యాహ్నం ప్రయోగశాలలో కూర్చునే మనుషులు వుంటారనీ, అలాంటివాళ్ళను తయారుచెయ్యడానికి ప్రత్యేకంగా ఒక చదువు వుందనీ నాకూ కొన్నేళ్ళ క్రితం దాకా తెలియదు. ఈవేళ ఆ చదువు గురించీ, అందులో చేరడానికి పిల్లలు పెట్టుకునే అప్లికేషను గురించీ నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

"పదో తరగతితో చదువు ఆపేసిన ఈవిడ మనకు ఎండీలూ పీహెచ్‌డీలూ చెప్పడమేమిటి" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. నేను చెప్పేదంతా మా అక్క కూతురి దగ్గర నేర్చుకున్నదే. ఆ పిల్ల విషయంలో నేనొక పొరపాటు కూడా చేశాను. ముఖ్యంగా అది చెప్పడానికే వచ్చానేమో కూడా.

మా అక్కావాళ్ళు పాతికేళ్ళకు పైగా అమెరికాలో వుంటున్నారు. పిల్ల అక్కడే పుట్టింది. అక్కడ మన దగ్గరలా ఇంటర్ అవగానే మెడికల్ కాలేజీలో చేరడం వుండదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ చెయ్యాలి, ఆ తరువాతే నాలుగేళ్ళ ఎండీ. మా అక్క కూడా ఆ లెక్కే వేసుకుని కూర్చుంది. 2021 చివర్లో ఒకరోజు అందరం ఫోనులో మాట్లాడుకుంటూ వుండగా పిల్ల చల్లగా కబురు చెప్పింది.

"పిన్నీ, నేను ఎండీ, పీహెచ్‌డీ రెండూ కలిపి చేస్తాను."

"ఎన్నేళ్ళే?" అన్నది మా అక్క.

"ఎనిమిదేళ్ళు. ఆ పైన రెసిడెన్సీ."

మా అక్క నోట మాట రాలేదు. నేనే అందుకున్నాను. "అమ్మలూ, రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుందో తెలుసా? డాక్టరయితే డాక్టరువి కా, పంతులమ్మవయితే పంతులమ్మవి కా" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "రెండు పడవలు కాదు పిన్నీ, ఒక పడవకు రెండు తెడ్లు" అన్నది. మాటకు మాట బాగానే చెప్పిందనుకున్నాను గాని, సంగతి అర్థం చేసుకోలేదు.

సంగతి ఏమిటంటే, 1964లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ, ఎన్.ఐ.హెచ్. అంటారు, ఒక పథకం మొదలుపెట్టింది. మొదట మూడే మూడు కాలేజీల్లో. రోగం తెలిసిన డాక్టరుకు పరిశోధన తెలియదు, పరిశోధన తెలిసినవాడికి రోగి మొహం తెలియదు, ఈ ఇద్దరి మధ్యా గోడ వుండకూడదని వారి వుద్దేశం. ఇప్పుడు ఆ పథకం యాభైకి పైగా సంస్థల్లో నడుస్తోంది. మామూలుగా మొదటి రెండేళ్ళు డాక్టరు చదువు, మధ్యలో నాలుగేళ్ళో అయిదేళ్ళో ప్రయోగశాలలో పీహెచ్‌డీ, మళ్ళీ చివర రెండేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో. ఎండీ చదివే పిల్లలు లక్షల డాలర్ల అప్పుతో బయటికి వస్తూ వుంటే, ఈ పిల్లలకు ఫీజు మాఫీ చేసి, ఇంటి అద్దెకూ తిండికీ జీతంలాగా కొంత నెలనెలా ఇస్తారు. అందుకని పోటీ కూడా అంత గట్టిగానే వుంటుంది.

ఇదేదో పరాయి దేశపు వింత అనుకోకండి. ఇలాంటి మనిషి మనలోనే పుట్టాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివారు. 1923లో పడవెక్కి అమెరికా వెళ్ళి, హార్వర్డులో రాత్రిపూట ఆస్పత్రిలో చిన్న పనులు చేసుకుంటూ చదివి, 1930లో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్నారు. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కని మనిషి ఆయన! ఆయన నాయకత్వంలోని బృందం నుంచి వచ్చిన మందే మెథోట్రెక్సేట్. మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ళవాతం వుంటే ఈ పేరు చీటీ మీద చూసే వుంటారు. ఆయన కాలంలో రెండు చదువులూ కలిపి నేర్పే పథకాలు లేవు. తన దారి తానే తవ్వుకున్నారు.

ఇక మా పిల్ల ఎంచుకున్న శాస్త్రం పేరు రీజెనరేటివ్ మెడిసిన్. పాడైపోయిన కండనో, ఎముకనో, కంటి పొరనో మళ్ళీ పెంచి బాగుచేసే వైద్యం. బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది, మనకు వేలు తెగితే మొలవదు. ఎందుకు మొలవదు, ఏం చేస్తే మొలుస్తుంది అని వెతికే శాస్త్రమన్నమాట. ఒంట్లో కొన్ని కణాలు వుంటాయిట, మూలకణాలంటారు. పాలల్లో నుంచి పెరుగూ, వెన్నా, నెయ్యీ వచ్చినట్టు వాటిలోనుంచి రకరకాల కణాలు తయారవుతాయి. వెన్నను మళ్ళీ పాలు చెయ్యలేం గదా? జపానులో షిన్యా యమనాక అనే ఆయన సరిగ్గా అలాంటి పనే చేశారు. 2006లో ఎలుక చర్మపు కణాలనూ, 2007లో మనిషి చర్మపు కణాలనూ వెనక్కి నడిపించి మళ్ళీ మూలకణాల్లాంటివిగా మార్చారు. 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన మొదట ఎముకల డాక్టరుగా శిక్షణ పొందిన మనిషే.

2014లో అదే జపానులో మసాయో తకహాషి అనే కంటి డాక్టరమ్మ బృందం ఆ పద్ధతిలో పెంచిన కంటి పొరను డెబ్భై ఏళ్ళు దాటిన ఒక ముసలమ్మగారికి అమర్చింది. ఏడాది తరువాత చూస్తే చూపు మెరుగుపడలేదు, అలా అని తగ్గనూ లేదు. రెండో రోగికి తయారుచేసిన కణాల్లో ఏవో మార్పులు కనిపిస్తే, ఆపరేషను చెయ్యకుండా ఆపేశారు. ఇదంతా దాచకుండా లోకానికి రాసి చెప్పారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మన హైదరాబాదులోనూ ఇలాంటి పని జరిగింది. సున్నం డబ్బా పేలి పిల్లల కళ్ళల్లో పడి నల్లగుడ్డు తెల్లబడిపోవడం మనమెరుగుదుం. రెండో కన్ను బాగుంటే, దాని నల్లగుడ్డు అంచునుంచి బియ్యపు గింజ కన్నా చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న చిన్న ముక్కలు చేసి, పాడైన కంటి మీద నాటే పద్ధతిని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 2012లో ప్రకటించారు. నారుమడినుంచి నారు తీసి నాటినట్టే. (సున్నం డబ్బాలు పిల్లలకు అందకుండా పెట్టండని వేరే చెప్పక్కరలేదనుకుంటాను.)

సరే, అప్లికేషను సంగతికి వద్దాం. అమెరికాలో చాలా కాలేజీలకు కలిపి ఒకే అప్లికేషను, అక్కడి వైద్య కళాశాలల సంఘం తీసుకుంటుంది. మే నెలలో తెరుస్తారు, మే చివర్నించి పంపవచ్చు. అంతకు ముందే ఎంకాట్ అనే పరీక్ష రాయాలి. దానికి అత్యధికం 528 మార్కులు. ఇంతవరకూ మన పిల్లలకు భయంలేదు. మార్కుల సంగతి మనవాళ్ళు చూసుకుంటారు. చిక్కంతా వ్యాసాల దగ్గర.

మామూలు ఎండీకి వెళ్ళేవాళ్ళకు ఒకే వ్యాసం, డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావని. వీళ్ళకు మూడు. మొదటిది అదే, 5300 అక్షరాలకు మించకూడదు. రెండోది, రెండు పట్టాలూ ఎందుకు కావాలి, ఒకటి చాలదా అని. దానికి 3000 అక్షరాలు. మూడోది, ఇంతవరకూ నువ్వు చేసిన పరిశోధన ఏమిటి అని. దానికి 10000 అక్షరాలు ఇచ్చారంటేనే వాళ్ళు దేన్ని చూస్తారో తెలియడంలేదూ? ఏ ప్రయోగశాలలో వున్నావన్నది కాదు, ఏ ప్రశ్న పట్టుకున్నావు, నీ చేతులతో ఏం చేశావు, ఎక్కడ తప్పింది, తప్పితే ఏం చేశావు అని అడుగుతారు. వీటికి తోడు, దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పిన పెద్దల వుత్తరాలు. ఆ తరువాత ఒక్కో కాలేజీ మళ్ళీ తన ప్రశ్నలు విడిగా పంపుతుంది. శరదృతువునుంచి చలికాలం దాకా ఇంటర్వ్యూలు. ఒకటికి మించి సీట్లు వచ్చినవాళ్ళు ఏప్రిల్ 30 లోగా ఒకటి ఎంచుకోవాలి. అంటే పెళ్ళిచూపులకన్నా పెద్ద తతంగం. ఏడాది పొడుగునా సాగుతుంది.

మా పిల్ల 2022 జూన్‌లో పెట్టింది. మార్కులు బ్రహ్మాండంగా వున్నాయి. రెండు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. 2023 వసంతానికి రెండు చోట్లా లేదన్నారు.

అప్పుడు చేశాను నా పొరపాటు. ఫోను చేసి, "పోనీలే అమ్మలూ, ఒకందుకు మంచిదే. మామూలు ఎండీకి పెట్టుకో. నాలుగేళ్ళల్లో అయిపోతుంది, పెళ్ళీ అవుతుంది. ఆడపిల్లకు ముప్ఫై రెండేళ్ళ దాకా చదువేమిటి" అన్నాను. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. "సరే పిన్నీ, వుంటాను" అని పెట్టేసింది. నన్ను నా చదువు మధ్యలో ఆపినప్పుడు మా మేనత్త ఇలాంటి మాటే అన్నది. అప్పుడు నేనూ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గాని, మళ్ళీ ఫోను చేసి మాట వెనక్కి తీసుకునే ధైర్యమూ లేకపోయింది.

ఆ పిల్ల మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. కారణమేమిటని ఒక కాలేజీవారిని మర్యాదగా అడిగింది. వాళ్ళు నిజం చెప్పారు. "రెండు వేసవి సెలవుల్లో ప్రయోగశాలకు వెళ్ళావు, బాగానే వుంది. కాని అక్కడ నీ ప్రశ్న అంటూ ఏదీ కనిపించలేదు. పెద్ద పేరున్న ప్రొఫెసరు వుత్తరం తెచ్చావు, ఆయనకు నువ్వెవరో సరిగా తెలిసినట్టు లేదు" అన్నారు. చూశారా? సిఫార్సు చేసేవారి హోదా చూసి పరుగెత్తుతాం మనం. పక్కన నిలబడి పని చూసినవాడి మాటకే అక్కడ విలువ. డిగ్రీ చేతికి రాగానే 2023 జూన్‌లో ఒక ప్రయోగశాలలో పూర్తికాలపు సహాయకురాలిగా చేరింది. అక్కడ వాళ్ళు చేసే పని మృదులాస్థి మీద. అంటే మన కీళ్ళల్లో ఎముకకూ ఎముకకూ మధ్య వుండే నున్నటి మెత్త.

ఇక్కడ మా అమ్మ ప్రస్తావన తేవాలి. అమ్మ విజయవాడలో నా దగ్గరే వుంటుంది. డెబ్భై నాలుగేళ్ళు అప్పటికి. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేది. 2023 డిసెంబరులో ఎవరో చెప్పగా ఒక క్లినిక్కుకు వెళ్ళాం. "మూలకణాల ఇంజక్షను ఇస్తాం, అరిగిన మెత్త మళ్ళీ పుడుతుంది. మోకాలికి రెండు లక్షలు" అన్నారు. గోడల మీద రంగు రంగుల బొమ్మలు, నవ్వుతున్న ముసలివాళ్ళ ఫొటోలు. మావారు ఫిక్సెడు డిపాజిట్టు తీసేద్దామన్నారు. చాలకపోతే నా గాజులున్నాయి కదా అనుకున్నాను. సంతోషంతో అక్కకు ఫోను చేస్తే, పక్కనుంచి పిల్ల అందుకున్నది. నా మీద కోపమేమీ పెట్టుకోలేదు.

"పిన్నీ, డబ్బు కట్టకముందు మూడు ప్రశ్నలు అడుగు. ఏ కణాలు, ఒంట్లో ఎక్కడినుంచి తీస్తారు? ఇంతకుముందు ఎంతమందికి చేశారు, ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయి? ఇది పరీక్ష దశలో వున్న వైద్యమైతే సీటీఆర్ఐ నంబరు ఎంత?"

సీటీఆర్ఐ అంటే మన దేశంలో మనుషుల మీద జరిగే వైద్య పరీక్షల పట్టిక. 2009నుంచి అందులో నమోదు తప్పనిసరి. మన ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్పించి, మిగతా మూలకణ చికిత్సలన్నీ పరీక్షల కిందనే జరగాలి. నిజమైన పరీక్షకు రోగి దగ్గర డబ్బు అడగకూడదు. వెళ్ళి అడిగాను. మొదటి ప్రశ్నకు నవ్వారు. రెండోదానికి గోడ మీది ఫొటోలు చూపించారు. మూడోదానికి, "ఇన్ని అనుమానాలుంటే వేరేచోటికి వెళ్ళండమ్మా" అన్నారు. వచ్చేశాం.

ఇంటికి వచ్చాక అమ్మ చాలా దిగులుపడింది. పిల్ల అమ్మతో మాట్లాడింది. "అమ్మమ్మా, మెత్తకు రక్తనాళాలు వుండవు. అందుకే దెబ్బ తింటే తనంతట తాను బాగుపడదు. కుర్రవాళ్ళకు ఆటల్లో చిన్న గుంట పడితే, వాళ్ళ కణాలే పెంచి పూడ్చే పద్ధతిని స్వీడనువాళ్ళు 1994లో ప్రకటించారు. నీలాగా మొత్తం అరిగిపోయినదానికి అది పనికిరాదు. మేం పళ్ళెంలో ఆ కణాలను పరిచి పెంచుతూ వుంటే అవి తమ స్వభావమే మరిచిపోయి వేరే కణాల్లాగా మారిపోతున్నాయి. ఆరు నెలలుగా నేను దాంతోనే కుస్తీ పడుతున్నాను. నీ మోకాలికి నా దగ్గర మందు లేదమ్మమ్మా."

అమ్మ కాసేపు వూరుకుని, "లేదని చెప్పావు చూడు, అది చాలు తల్లీ. వున్నరోజున కూడా నువ్వే చెప్పు" అన్నది. ఎముకల డాక్టరుగారు చెప్పిన వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర, వీటితోనే ఇప్పటికీ నెట్టుకొస్తోంది. నొప్పి పోయిందని అబద్ధం చెప్పను.

2024లో పిల్ల మళ్ళీ అప్లికేషను పెట్టింది. మొదటిసారి రెండో వ్యాసంలో, చిన్నప్పటినుంచీ సైన్సు అంటే ఇష్టం, మనుషులకు సేవ చెయ్యడం ఇష్టం, అందుకని రెండూ కావాలి అని రాసిందట. రెండోసారి ఆ ఫోను సంభాషణ రాసింది. నొప్పితో వున్న మనిషికి లేదని చెప్పవలసి వచ్చినప్పుడు డాక్టరుగా వుండాలి, ఎందుకు లేదో తెలిసి వెతకడానికి శాస్త్రజ్ఞురాలిగా వుండాలి, ఈ రెండూ ఒకే గదిలో లేకపోతే ఆ మధ్య ఖాళీలోకి రంగురంగుల బొమ్మలవాళ్ళు వస్తారు అని రాసింది. ఈ మాట చదివి వినిపించినప్పుడు నాకు ఆ జపాను డాక్టరమ్మ గుర్తుకు వచ్చింది. చెయ్యి చాచి ఎదురుచూస్తున్న రోగి వుండగా, కణాలు బాగాలేవని ఆపేసిన ఆవిడ. ఆ నిజాయితీకే ఇన్నేళ్ళ చదువు కావాలన్నమాట.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, "నీ ప్రయోగం ఇంతవరకూ ఎన్నిసార్లు చెడింది?" అని అడిగారట. ఇది లెక్కపెట్టి చెప్పిందట. చదును పళ్ళెంలో కాకుండా మెత్తటి జెల్లీలాంటిదాంట్లో పెంచితే కణాలు మళ్ళీ దారికి వచ్చాయని చెప్పిందట. మరో కాలేజీలో, పీహెచ్‌డీ మధ్యలో బిడ్డను కన్న ఒక సీనియరు అమ్మాయి పరిచయమైంది. ఆ ఫొటో చూశాక మా అక్క ముప్ఫై రెండేళ్ళ లెక్క మానేసింది. 2025 మార్చిలో సీటు వచ్చింది. ఆగస్టులో చేరింది. 2033 దాకా చదువు. నేను ఫోను చేసి, "ఆ రోజు నేనన్న మాట మరిచిపో అమ్మలూ" అన్నాను. "ఏ మాట పిన్నీ?" అన్నది. మరిచిపోయిందో, మరిచిపోయినట్టు నటించిందో నాకు తెలియదు.

సోదరీమణులారా, మీ పిల్లలో, మీ చెల్లెలి పిల్లలో ఈ దారి పట్టేట్టు వుంటే కొన్ని సంగతులు మనసులో పెట్టుకోండి. ఎన్.ఐ.హెచ్. డబ్బు అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డు వున్నవాళ్ళకూ మాత్రమే. విదేశీ విద్యార్థులను కొద్ది కాలేజీలే సొంత డబ్బుతో తీసుకుంటాయి. ముందే కనుక్కోవాలి. 2025లో అక్కడ పరిశోధన నిధుల గురించి ఒడిదుడుకులు వచ్చాయి కనుక, ఖర్చు ఎవరు భరిస్తారని ప్రతి కాలేజీనీ అడగడం తప్పుకాదు. ఇక్కడ ఎంబీబీఎస్ చేసిన పిల్లలకు ఆ దారి కాదు. వాళ్ళు పీహెచ్‌డీకి విడిగా పెట్టుకోవచ్చు, లేదా అక్కడి పరీక్షలు రాసి, పరిశోధన కూడా కలిసివున్న రెసిడెన్సీలు వెతుక్కోవచ్చు. ఎంబీబీఎస్ చదువుతున్నప్పుడే రెండు నెలలు పరిశోధన రుచి చూపించే ఐసీఎంఆర్ విద్యార్థి పథకం మన దేశంలో 1979నుంచి వుంది. మూలకణాల మీద పనిచెయ్యాలనుకునేవారికి వెల్లూరులో ఆ పరిశోధనకే ప్రత్యేకించిన కేంద్రం వుంది.

ఆఖరుగా ఒక్కటి. మొదటిసారి లేదన్నారని పిల్ల ఇంటికి వచ్చి కూర్చుంటే, తొందరపడి "ఒకందుకు మంచిదే" అనకండి. "ఎందుకు లేదన్నారో అడిగావా?" అనండి. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మనకు ఏ పట్టా అక్కరలేదు.

అమ్మ రోజూ వరండాలో కర్ర పట్టుకుని ఇరవై అడుగులు వేస్తుంది. "2033 నాటికి నాకు ఎన్నేళ్ళే?" అని అడుగుతుంది. "ఎనభై నాలుగమ్మా" అంటాను. "అయితే ఇంకో పది అడుగులు వేస్తా" అంటుంది.